క్లిక్ రీలా, డిస్క్ రీలా? చేపని బట్టి, చేతిని బట్టి ఎంచుకోండి

చేప లైన్ లాక్కుని పరుగెత్తినప్పుడు క్లిక్ రీలు కిర్రుమని పెట్టే కేక ఒకసారి చెవిన పడితే మళ్ళీ మళ్ళీ వినాలనిపిస్తుంది. వందేళ్ళు దాటిన ఈ ఏర్పాటుని ఫ్లై ఫిషింగ్ (ఈకలు, దారాలతో కట్టిన ‘ఫ్లై’ అనే ఎరతో చేపలు పట్టడం) చేసేవాళ్ళు ఇంకా వదలకపోవడానికి ఆ మోత ఒక కారణం. అదొక్కటే కారణం అనుకుంటే మాత్రం పొరపాటే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న, మధ్యరకం ట్రౌట్ (చల్లటి నీళ్ళ చేప) పట్టేవాళ్ళకి క్లిక్ రీలు సరిపోతుంది, చాలాసార్లు బిళ్ళల ఒత్తిడితో బ్రేకు వేసే డిస్క్ రీలు కన్నా మేలు కూడా చేస్తుంది. అయితే ఒక షరతు ఉంది: బ్రేకు వేసే పని మీ అరచెయ్యి నేర్చుకోవాలి. అంత ఓపిక లేకపోయినా, మీరు వెళ్ళేది దూరం పరుగెత్తే పెద్ద చేపల కోసమైనా, డిస్క్ రీలు తీసుకోండి. అందులో తక్కువతనం ఏమీ లేదు.

లోపల ఏముంటుంది

క్లిక్ రీలు స్పూల్ (లైన్ చుట్టుకునే చక్రం) ఊడదీసి చూస్తే లోపల పెద్దగా ఏమీ కనిపించదు. స్పూల్ వెనక ఒక పళ్ళ చక్రం, ఆ పళ్ళ మధ్య ఒదిగే చిన్న లోహపు ముక్క, దాన్ని పళ్ళ మీదకి నొక్కి పట్టే స్ప్రింగు. ఆ ముక్క పేరు పాల్. స్పూల్ తిరిగినప్పుడు ఒక్కో పన్నూ పాల్‌ని పక్కకి తోసుకుంటూ పోతుంది, స్ప్రింగు దాన్ని మళ్ళీ లోపలికి నెడుతుంది. మోత వచ్చేదీ, బ్రేకు పడేదీ ఆ నెట్టుడు వల్లే.

బ్రిటన్‌లో ఈ ఏర్పాటుని చెక్ అంటారు. ఆ మాటే దీని పనికి సరిగ్గా అతుకుతుంది. ఇది చేపని ఆపడానికి పెట్టింది కాదు, స్పూల్‌ని అదుపులో ఉంచడానికి పెట్టింది. ఏ అదుపూ లేకపోతే, చేప ఒక్క ఉదుటున లాగి ఆగినా స్పూల్ ఆగదు, గిర్రున తిరుగుతూనే ఉంటుంది. వదులైన చుట్లు ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడతాయి. చేప మళ్ళీ పరుగు తీసినప్పుడు లైన్ ఆ చిక్కు దగ్గర బిగుసుకుంటుంది, టిప్పెట్ (లైన్ చివర ఫ్లై కట్టే సన్నటి దారం) పుటుక్కున తెగుతుంది.

డిస్క్ రీలు దారి వేరు. అందులో ఒకదానికొకటి ఒత్తుకునే బిళ్ళలు ఉంటాయి. ఒక పక్క లోహం, రెండో పక్క కార్క్, కార్బన్ లాంటి పదార్థం. బయట ఉన్న మీట తిప్పితే బిళ్ళల మధ్య ఒత్తిడి పెరుగుతుంది. కొన్నిటిలో నీళ్ళు, ఇసుక చొరబడకుండా బ్రేకు మొత్తాన్ని సీలు చేస్తారు. మంచి డిస్క్ రీలులో లాగుడు ఎక్కడా కుదుపు లేకుండా ఒకే తీరుగా సాగుతుంది, ఎంత కావాలంటే అంత బిగించుకోవచ్చు. క్లిక్ రీలులో ఈ వెసులుబాటు లేదు. సర్దుకునే మీట ఉన్న క్లిక్ రీళ్ళలో కూడా తేలిక నుంచి ఇంకాస్త తక్కువ తేలిక దాకా మాత్రమే వెళ్ళగలరు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. బ్రేకు బిగింపు మారకపోయినా, లైన్ బయటికి పోతున్నకొద్దీ చేప మీద పడే లాగుడు పెరుగుతుంది. స్పూల్ మీద లైన్ చుట్టు 8 సెంటీమీటర్ల వ్యాసం నుంచి 4 సెంటీమీటర్లకి తగ్గిందనుకోండి, అదే బిగింపు దగ్గర లాగుడు రెట్టింపవుతుంది. దానికి తోడు నీళ్ళలో పరుచుకున్న లైన్‌ని ప్రవాహం కూడా వెనక్కి లాగుతుంది. అందుకే మొదట్లో చాలా తేలిగ్గా అనిపించే క్లిక్ రీలు, చేప ముప్పై అడుగులు వెళ్ళేసరికి అంత తేలిగ్గా ఉండదు. డిస్క్ రీలుని ముందే గట్టిగా బిగించుకున్నవాళ్ళకి టిప్పెట్ తెగేది కూడా సరిగ్గా అక్కడే.

ముందు వేసుకోవాల్సిన ప్రశ్న

మీరు పట్టే చేప ఎన్నిసార్లు రీలు మీది లైన్ లాగుతుంది? రీళ్ళ గురించి ఎవరు అడిగినా నేను మొదట ఇదే అడుగుతాను.

చిన్న వాగుల్లో, రెండు, మూడు, నాలుగు నంబర్ల తేలిక లైన్లతో (నంబరు పెరిగేకొద్దీ లైన్ బరువెక్కుతుంది) జానెడు, మూరెడు ట్రౌట్ పట్టేవాళ్ళ విషయంలో జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: లాగదు. చేప పడగానే లైన్‌ని వేళ్ళతో లాక్కుంటూ దగ్గరికి తెచ్చేస్తాం. రీలు పని అంతసేపూ లైన్‌ని మోయడం, చేతికి బరువు కుదరడం మాత్రమే. అక్కడ ఖరీదైన సీల్డ్ డిస్క్ బ్రేకు ఉన్నా, పనికొచ్చే రోజు రాదు. నేను అలాంటి రీలు మూడేళ్ళు చిన్న వాగుల్లో తిప్పాను. బ్రేకు మీట నిజంగా ముట్టుకోవాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు.

మధ్యరకం నదుల్లో సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 5ఎక్స్ టిప్పెట్ మందం 0.006 అంగుళం, 6ఎక్స్‌ది 0.005 అంగుళం, 7ఎక్స్‌ది 0.004 అంగుళం. ఇంత సన్నటి దారం చివర బలమైన ట్రౌట్ పడితే మొదటి రెండు క్షణాల్లో మీకు కావాల్సింది బ్రేకు కాదు, బ్రేకు లేకపోవడం. చేప ఉలిక్కిపడి తల విదిలిస్తుంది, ఆ కుదుపుకి స్పూల్ వెంటనే తిరగాలి. క్లిక్ రీలు ఎప్పుడూ తేలిగ్గానే తిరుగుతుంది కాబట్టి ఆ క్షణంలో మీరు ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. డిస్క్ రీలు వాడే రోజుల్లో నేను ఒకసారి ముందురోజు పెద్ద నదిలో బిగించుకున్న బ్రేకుని అలాగే వదిలేసి, మర్నాడు 6ఎక్స్ టిప్పెట్‌తో నీళ్ళలోకి దిగాను. సాయంత్రం దాకా ఎదురుచూసిన చేప ఒక్క విదిలింపుతో పోయింది. ఆ రోజు బాధ ఇప్పటికీ గుర్తుంది. తప్పు రీలుది కాదు, నాదే. కానీ ఆ తప్పుకి చోటివ్వని రీలు ఒకటుందని అప్పుడే అర్థమైంది.

అరచెయ్యే అసలు బ్రేకు

క్లిక్ రీలు తీసుకున్నవాళ్ళు నేర్చుకోవాల్సిన విద్య ఒకటే. చేప పరుగెత్తుతున్నప్పుడు స్పూల్ అంచుకి అరచెయ్యి ఆనించి, అవసరమైనంత ఒత్తిడి పెట్టడం. చేప పరుగు పెంచితే చెయ్యి వదులుతుంది, అలిసి ఆగబోతే కాస్త బిగుస్తుంది. మీట తిప్పే బ్రేకు ఇంత త్వరగా మారలేదు. తిరిగే పిడికి వేళ్ళు అడ్డం పెడితే మాత్రం కణుపులు పగులుతాయి, పెద్ద చేప అయితే మరీ గట్టిగా తగులుతుంది. కాబట్టి చేతిని పక్కనుంచి గానీ కిందనుంచి గానీ తీసుకెళ్ళాలి. ఒకటి రెండు సీజన్లు చేస్తే ఇది ఆలోచించకుండానే వస్తుంది.

అందువల్ల క్లిక్ రీలు కొనేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు చూసేది స్పూల్ అంచు బయటికి ఉందా లేదా అని. ఫ్రేము మీదుగా బయటికి వచ్చిన అంచు ఉంటే అరచెయ్యి హాయిగా ఆనుతుంది. స్పూల్ పూర్తిగా ఫ్రేము లోపలే ఉండే పాత రకాల్లో ఆ వీలు లేదు. వేలి కొనని స్పూల్ ముఖం మీదో, లైన్ చుట్ల మీదో ఆనించి పని నడపాలి. అది కష్టం, పెద్ద చేపల దగ్గర ప్రమాదం కూడా. మొదటి క్లిక్ రీలు అయితే అంచు బయటికి ఉన్నదే తీసుకోండి.

ఇక మోత సంగతి. దాన్ని ముచ్చట అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నా వరకు అది సమాచారం. స్పూల్ ఎంత వేగంగా తిరిగితే టకటకలు అంత దగ్గరవుతాయి, చివరికి ఒకే కేకలా కలిసిపోతాయి. అంటే రీలు వైపు చూడకుండానే చేప వేగం చెవికి తెలుస్తుంది, కళ్ళు నీళ్ళ మీదే ఉంటాయి. మోత నెమ్మదించిందంటే చేప తిరగబోతోందన్నమాట, లైన్ చుట్టుకోడానికి సిద్ధం కావాలి. చేప బెదురుతుందేమోనని భయపడక్కర్లేదు, గాలిలో పుట్టిన శబ్దం నీళ్ళలోకి చాలా తక్కువగా దిగుతుంది.

పెద్ద చేపల్లోనూ ఒక మినహాయింపు

పెద్ద చేపలకి డిస్క్ అని చెప్పాను కదా. కానీ రెండు చేతులతో పట్టుకునే పొడవాటి స్పే రాడ్లతో స్టీల్‌హెడ్ (సముద్రానికి వెళ్ళొచ్చే ట్రౌట్), సాల్మన్ పట్టేవాళ్ళని చూడండి. వాళ్ళలో ఎంతోమంది పెద్ద పాత క్లిక్ రీళ్ళని ప్రాణంగా చూసుకుంటారు. ఇది పాతకాలం మీద మోజు మాత్రమే కాదు.

ఆ పద్ధతిలో లైన్‌ని ప్రవాహానికి అడ్డంగా వేసి, ఫ్లైని ఒక విల్లులా నది ఒక ఒడ్డు వైపు ఈదనిస్తారు. చేప వెనకనుంచి వచ్చి ఫ్లై అందుకుని తన చోటుకి తిరిగి వెళ్ళబోతుంది. అలా తిరిగేటప్పుడు కొక్కెం నోటి మూలలో దిగుతుంది. ఆ తిరిగే క్షణంలో లైన్ బిగుసుకుని ఉంటే ఫ్లై నోట్లోంచి జారిపోతుంది. కాబట్టి చెయ్యి ఎత్తి గుంజకూడదు, చేప రీలు మీంచి తనంతట తాను లైన్ తీసుకుపోవాలి. తేలిక స్ప్రింగు ఉన్న క్లిక్ రీలు దీనికోసమే చేసినట్టుంటుంది. మొదట ఒకటి రెండు క్లిక్‌లు, కాస్త ఆగి ఇంకో నాలుగు, ఆ తర్వాత కేక. ఆ రెండు క్లిక్‌ల మధ్య చెయ్యి కదలకుండా ఉండటం ఈ వేటలో అన్నిటికన్నా కష్టమైన పని.

పైగా పదమూడు, పద్నాలుగు అడుగుల రాడ్‌కి అడుగున బరువు కావాలి. తేలికపాటి కొత్త రీలు పెడితే కొన ముందుకి వాలుతుంది, సాయంత్రానికి మణికట్టు నొప్పెడుతుంది. నిండుగా లైన్ చుట్టిన పాత క్లిక్ రీలు ఆ బరువుని ఇస్తుంది. వెదురు రాడ్లకీ, పాత గ్లాస్ రాడ్లకీ ఇదే మాట వర్తిస్తుంది.

డిస్క్ ఎక్కడ తప్పదు

సముద్రంలో. బోన్‌ఫిష్, టార్పన్ లాంటివి ఒక్క ఊపులో ఫ్లై లైన్ మొత్తం, దాని వెనక చుట్టి ఉంచే అదనపు సన్నటి దారం, అంటే బ్యాకింగ్ కూడా లాక్కుపోతాయి. అక్కడ అరచేతిని నమ్ముకోవడం మంచిది కాదు. ఉప్పునీళ్ళకి సీలు చేసిన డిస్క్ రీలు తీసుకోండి, చర్చ అక్కర్లేదు. పెద్ద నదిలో ఒంటిచేతి రాడ్‌తో, బలమైన టిప్పెట్‌తో, చేపని దుంగలూ రాళ్ళూ ఉన్న చోటికి పోనివ్వకుండా ఆపాల్సి వచ్చినా డిస్కే మేలు. చేతి కీళ్ళ నొప్పులున్నవాళ్ళకీ అంతే.

ఇంకో తేడా ఉంది. పాత పద్ధతి క్లిక్ రీళ్ళలో స్పూల్ మధ్య లైన్ చుట్టుకునే ఇరుసు సన్నగా ఉంటుంది. ఒక్క చుట్టుకి తక్కువ లైన్ లోపలికి వస్తుంది, లైన్ కూడా చిన్న చుట్లుగా మడతపడి చల్లటి రోజున స్ప్రింగులా మెలికలు తిరుగుతుంది. పెద్ద ఇరుసున్న కొత్త రీళ్ళలో ఈ ఇబ్బంది తక్కువ. చేప మీ వైపే దూసుకొచ్చినప్పుడు వదులైన లైన్‌ని వేగంగా చుట్టుకోవడానికీ పెద్ద ఇరుసే సాయం చేస్తుంది. ఇప్పుడు పెద్ద ఇరుసుతో క్లిక్ రీళ్ళు కూడా వస్తున్నాయి కాబట్టి ఇది క్లిక్‌కీ డిస్క్‌కీ మధ్య తేడా కన్నా పాతకీ కొత్తకీ మధ్య తేడా అనుకోవాలి.

మోత మాత్రమే కావాలనుకునేవాళ్ళకి మధ్యే మార్గం ఒకటుంది. చాలా డిస్క్ రీళ్ళలో లైన్ బయటికి పోయేటప్పుడు శబ్దం చేసే చిన్న క్లిక్కర్ విడిగా అమరుస్తారు. బ్రేకు డిస్క్‌ది, పాట క్లిక్‌ది. బాగానే ఉంటుంది, కానీ నాకు తృప్తినివ్వలేదు. అక్కడ శబ్దం బ్రేకు నుంచి పుట్టదు కాబట్టి చేతికి తెలిసేదీ చెవికి వినపడేదీ ఒకటి కావు. నిశ్శబ్దం ఇష్టపడేవాళ్ళకి పూర్తిగా మోత లేని డిస్క్ రీళ్ళూ ఉన్నాయి.

ఏ రీలు ఎవరికి

క్లిక్ రీళ్ళ కథలో రెండు ఊళ్ళ పేర్లు తప్పకుండా వస్తాయి. ఒకటి అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని మాంచెస్టర్. అక్కడ చార్లెస్ ఎఫ్. ఆర్విస్ 1874లో సన్నని స్పూల్, ఒంటినిండా రంధ్రాలు ఉన్న ఫ్లై రీలుకి పేటెంటు తీసుకున్నాడు. రంధ్రాల వల్ల బరువు తగ్గుతుంది, ఆ కాలపు పట్టు లైన్లకి గాలి తగిలి ఆరుతాయి. రెండోది ఇంగ్లండులోని ఆనిక్. 1872లో మొదలైన హార్డీ సంస్థ ఊరు అది.

హార్డీ పర్ఫెక్ట్ 1890ల తొలినాళ్ళ నుంచీ ఉంది. స్పూల్ బాల్ బేరింగుల మీద తిరుగుతుంది, పిడి ఉన్న ముఖపు బిళ్ళ మొత్తం స్పూల్‌తో పాటే తిరుగుతుంది. బరువైన రీలు, స్పే రాడ్లవాళ్ళు పెద్ద సైజుల్ని వెతుక్కుని మరీ కొంటారు. చిన్న వాగుకి నేనైతే దాన్ని సూచించను. అక్కడికి అదే సంస్థ లైట్‌వెయిట్ వరుస బాగుంటుంది: 2 1/2 అంగుళాల ఫ్లైవెయిట్, 2 7/8 అంగుళాల ఫెదర్‌వెయిట్, 3 3/16 అంగుళాల ఎల్‌ఆర్‌హెచ్, 3 1/2 అంగుళాల ప్రిన్సెస్. నాలుగో నంబరు లైన్‌కి ఫెదర్‌వెయిట్, ఐదుకి ఎల్‌ఆర్‌హెచ్ చక్కగా సరిపోతాయి. మోత సన్నగా, తీయగా ఉంటుంది. లోపం ఏమిటంటే పాత లైట్‌వెయిట్లలో అరచెయ్యి ఆనే అంచు బయటికి ఉండదు.

ఆ అంచు కావాలంటే హార్డీ మార్క్విస్ చూడండి. రెండు స్ప్రింగులు, రెండు పాల్ ముక్కలు ఉంటాయి. ఒక్కదాన్నే వాడుకోవచ్చు, రెండిటినీ కలిపి గట్టి చెక్ చేసుకోవచ్చు. మొదటిసారి క్లిక్ రీలు కొనేవాళ్ళు అడిగితే నా నోట ముందు వచ్చే పేరు ఇదే. సెకండ్ హ్యాండ్‌లో వెతికేవాళ్ళకి ఒక చిట్కా: సైంటిఫిక్ యాంగ్లర్స్ పేరుతో వచ్చిన పాత సిస్టమ్ రీళ్ళని తయారుచేసింది హార్డీయే. ఆర్విస్ సీఎఫ్ఓ రీళ్ళలో తొలినాటివి కూడా ఆనిక్‌లో తయారైనవే. చార్లెస్ ఎఫ్. ఆర్విస్ పేరులోని మొదటి అక్షరాలే సీఎఫ్ఓ. తేలిగ్గా, ముచ్చటగా ఉండే రీలు అది, అంచు బయటికే ఉంటుంది.

కొత్తదే కావాలంటే ఆర్విస్ బ్యాటెన్‌కిల్ నాలుగు మెట్లలో సర్దుకునే క్లిక్ రీలు. ఆ సర్దుబాటు లోపలే ఉంటుంది, స్పూల్ తీసి మార్చాలి. రాస్ కొలరాడో ఎల్‌టీలో సర్దుబాటుకి మీట కూడా ఉండదు, చాలా తేలిక, చిన్న రాడ్లకి నాకు బాగా నచ్చినది. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే రెడింగ్టన్ జీరో ఉంది, తేలికైనదే. పాత అమెరికన్ రీళ్ళలో ఫ్లూగర్ మెడలిస్ట్ మొరటుగా కనిపిస్తుంది కానీ ఎన్నో తరాల చేతుల్లో నలిగిన నమ్మకమైన రీలు.

పాతది కొనేటప్పుడు

అడుగున రాడ్‌కి తగిలించే కాలు ముందు చూడండి. రాడ్ సీటులో పట్టడం కోసం దాన్ని ఆకురాయితో అరగదీసిన పాత రీళ్ళు చాలా కనిపిస్తాయి. పని చేస్తాయి గానీ విలువ తగ్గుతుంది, మీ రాడ్‌కి వదులు కూడా కావచ్చు. ఆ తర్వాత స్పూల్ ఊపి చూడండి, అది తిరిగే కడ్డీ అరిగి ఉంటే పక్కకి ఆడుతుంది. పాల్ కొన మొనదేరి ఉండాలి, గుండ్రంగా అరిగిపోతే పళ్ళ మీంచి జారుతుంది. నేను ఒకసారి ఫోటోలు చూసి కొన్న రీలు ఇంటికొచ్చాక చూస్తే స్ప్రింగు స్థానంలో ఎవరో వంచి పెట్టిన మామూలు తీగ ఉంది. లోపలి భాగం ఫోటో అడిగి ఉంటే బయటపడేది. స్పూల్ తీసి లోపల ఫోటో పంపమని అడగడానికి మొహమాటపడకండి. నిజాయితీగా అమ్మేవాళ్ళు వెంటనే పంపుతారు.

ఏ చేత్తో తిప్పుతారో కూడా ముందే చెప్పండి. చాలా క్లిక్ రీళ్ళలో పాల్‌ని తిరగేసి పెడితే కుడి నుంచి ఎడమకి మారుతుంది. లైన్ గార్డు (లైన్ ఫ్రేముకి ఒరుసుకోకుండా కాపాడే కమ్మి) ఒక వైపే ఉన్న రకాల్లో అలా కుదరకపోవచ్చు.

సంరక్షణకి పెద్ద పని లేదు. సీజనులో ఒకటి రెండుసార్లు స్పూల్ తీసి, పాత జిడ్డు తుడిచి, పాల్‌కీ చక్రానికీ పలచగా గ్రీజు పూయాలి. ఎక్కువ పూస్తే మోత మూగబోతుంది, ఇసుక అంటుకుంటుంది. అదనపు స్ప్రింగు, పాల్ ఒక్కొక్కటి జేబులో ఉంచుకుంటే నది ఒడ్డునే మార్చేసుకోవచ్చు. సీలు చేసిన డిస్క్ బ్రేకు చెడితే చాలావాటిని తయారీదారుకి పంపాల్సిందే.

సర్దుకునే క్లిక్ రీలు చేతికొచ్చాక బిగింపు ఎంత పెట్టాలో తెలుసుకోవడానికి కొలతలేవీ వద్దు. రీలుని రాడ్‌కి తగిలించి, లైన్ నిండుగా చుట్టి, చేత్తో ఒక్కసారి గట్టిగా గుంజి వదలండి. స్పూల్ ఆగకుండా తిరిగి చుట్లు వదులైతే ఒక మెట్టు బిగించి మళ్ళీ గుంజండి. గుంజుడు ఆగగానే స్పూల్ కూడా ఆగిందంటే అక్కడే వదిలేయండి, మిగతా పని అరచెయ్యి చూసుకుంటుంది.